ఖాళీ గడి కూడా సంఖ్యగా ఎందుకు చెల్లుతోంది?

వెబ్ ఫారంలోని గడిని ఖాళీగా వదిలేసినా, ఇచ్చినది సంఖ్య కాదా అని చూసే ఈజ్‌నాన్ (isNaN) తనిఖీ అడ్డుకోకపోవడానికి కారణం, జావాస్క్రిప్ట్‌లోని ఆ ఫంక్షన్ తనకు అందిన విలువను ముందు సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే పరీక్షించడం. గడిలో టైపు చేసినది స్క్రిప్ట్‌కు స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే, చేరుతుంది. ఖాళీ స్ట్రింగ్‌ను గానీ, స్పేస్‌లు మాత్రమే ఉన్న స్ట్రింగ్‌ను గానీ సంఖ్యగా మారిస్తే 0 వస్తుంది కాబట్టి, ఈజ్‌నాన్ వాటికి అభ్యంతరం చెప్పదు.

బదులుగా, స్ట్రింగ్ నుంచి పూర్ణాంకాన్ని తీసే పార్స్‌ఇంట్ (parseInt) వాడమని కొందరు సూచిస్తారు గానీ, "12అ" అని ఇస్తే అది మొదటి అంకెలను మాత్రమే తీసుకుని 12 అంటుంది. పొరపాటును పట్టుకోవలసిన చోట దాన్ని కప్పిపుచ్చడం నా దృష్టిలో మరింత ప్రమాదకరం.

కాబట్టి ముందుగా ట్రిమ్‌తో అటూ ఇటూ ఉన్న ఖాళీలను తొలగించి, ఏమీ మిగలకపోతే అక్కడే తిరస్కరించి, మిగిలినదాన్ని నంబర్ ఫంక్షన్‌తో మార్చి, ఆ ఫలితాన్ని నంబర్.ఈజ్‌ఫైనైట్ (Number.isFinite)తో పరీక్షించండి, జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంతో వచ్చిన ఈ ఫంక్షన్ నాన్‌తో (NaN, అంటే 'సంఖ్య కాదు' అనే ఫలితంతో) పాటు అనంతాన్ని కూడా తోసిపుచ్చుతుంది. అయితే 1కీ 3కీ మధ్య ఆంగ్ల అక్షరం 'ఇ' ఉంటే నంబర్ దాన్ని 1000గా లెక్కిస్తుంది కనుక, కేవలం అంకెలే కావాలనుకున్నప్పుడు మార్చడానికి ముందే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో) సరిచూడాలి. బ్రౌజర్‌లోని తనిఖీని ఎవరైనా తప్పించుకోగలరు కాబట్టి సర్వర్‌లోనూ ఇదే పరీక్ష ఉండాలి.