రిస్క్ జీన్ అని రాయకు

చి. మాధవికి,

రిస్క్ తీసుకునే స్వభావానికీ జన్యువులకూ ఉన్న సంబంధం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా సాగింది. కానీ 'రిస్క్ జీన్ దొరికింది' అనే శీర్షిక తీసెయ్యాలి. అలాంటి జన్యువు ఒకటంటూ లేదు.

నువ్వు ఆధారం చేసుకున్నది 2019లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన పరిశోధన. తొమ్మిది లక్షల పైచిలుకు మంది డీఎన్ఏని జల్లెడ పడితే, రిస్క్ తీసుకునే స్వభావంతో ముడిపడిన చోట్లు 99 తేలాయి. ఒక్కోదాని ప్రభావం అత్యల్పం. జన్యురాశి మొత్తం మీది తేడాలన్నీ కలిపి స్కోరు కట్టినా, ఈ స్వభావంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో అది వివరించింది మహా అయితే 1.6 శాతం. ఈ అంకె మొదటి పేరాలోనే రావాలి.

రిస్క్‌ను ఎలా కొలిచారో కూడా చెప్పు. ఆ డీఎన్ఏలో చాలా భాగం ఇచ్చిన యూకే బయోబ్యాంక్‌లో, అంటే బ్రిటన్‌లోని ఆరోగ్య సమాచార నిధిలో, అడిగింది ఒకే ప్రశ్న: మీరు రిస్క్ తీసుకునే మనిషేనా? అవును, కాదు. అది మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాటే తప్ప, పందెంలో ఎంత ఒడ్డాడో చూసి రాసుకున్నది కాదు.

అసలు చిక్కంతా జన్యు సహసంబంధం దగ్గరే వచ్చింది. రిస్క్ స్వభావానికి కలుపుగోలుతనంతో అది దాదాపు 0.5 ఉంటే, 'సగం జన్యువులు ఒకటే' అని రాశావు. తప్పు. జన్యు తేడాలు రెండు లక్షణాల మీదా ఎంతవరకు ఒకే వైపు పనిచేస్తున్నాయో చెప్పే అంకె అది. మైనస్ 1 నుంచి 1 దాకా ఉంటుంది. ఎందుకన్నది చెప్పదు. ఒకే తేడా రెంటినీ విడివిడిగా తాకవచ్చు. ఒక లక్షణం రెండోదానికి దారితీయవచ్చు. ఒక లక్షణం ఉన్నవాళ్లు రెండోది ఉన్నవాళ్లను ఎక్కువగా పెళ్లాడినా ఆ అంకె పెరుగుతుంది.

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య), బైపోలార్, స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధులతో ఈ జన్యు సహసంబంధం ఇంకా తక్కువ. అక్కడ మాత్రం ప్రతి మాటా తూచి రాయి. చెట్లెక్కే పిల్లాడికి రేపు మానసిక వ్యాధి వస్తుందని ఏ తల్లీ నీ వ్యాసం చదివి భయపడకూడదు. జనాభా మొత్తం మీద కట్టిన లెక్క ఒక బిడ్డ జాతకం చెప్పదు.

డోపమైన్ పేరా కొట్టెయ్. రిస్క్ స్వభావానికి మూలం డోపమైన్ అనే మెదడు రసాయనమే అన్న పాత ఊహకు ఈ పరిశోధనలో బలం దొరకలేదు. గ్లుటమేట్, గాబా అనే వేరే మెదడు రసాయనాల వైపే ఆధారాలు కనిపించాయి.

ఇంకొకటి, నువ్వు పూర్తిగా వదిలేసింది: ఈ పరిశోధనలో లెక్కకు తీసుకున్నవాళ్లంతా యూరోపియన్ మూలాలవాళ్లు. ఆ జన్యు స్కోరు మన తెలుగువాళ్లకు అలాగే వర్తించదు. డబ్బు కట్టి పిల్లలకు డీఎన్ఏతో 'స్వభావ పరీక్ష' చేయించాలనుకునే పాఠకులకు ఈ సంగతి సూటిగా చెప్పు.

సరిచేసి పంపు, మళ్లీ చూస్తాను.

ఆశీస్సులతో