టోటల్ లాస్ అయిన స్విఫ్ట్ అగ్గువకు వస్తోంది, తీసుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: హనుమకొండలో ఒక కన్సల్టెన్సీ దగ్గర 2019 స్విఫ్ట్ పెట్రోల్ బండి ఉంది. అలాంటి బండి బయట 5 లక్షలు పలుకుతుంటే వీళ్లు మూడున్నరకే ఇస్తామంటున్నారు. ఎందుకింత తక్కువని అడిగితే "ఇన్సూరెన్స్‌వాళ్లు టోటల్ లాస్ చేసిన్రు, ఇప్పుడు ఫుల్ కండిషన్" అన్నారు. తీసుకోవచ్చా?

అది ఎందుకు టోటల్ లాస్ అయిందో కాగితం మీద చూపించేదాకా టోకెన్ కూడా ఇవ్వకండి. బయటి రేకులు పోయిన బండైతే ఆలోచించొచ్చు. నీళ్లలో మునిగిన బండైతే రెండు లక్షలకిచ్చినా వద్దు.

టోటల్ లాస్ అంటే బండి తుక్కైందని కాదు, రిపేరు లెక్క కుదరలేదని. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ బాగుచేయించదు, టోటల్ లాస్ కింద డబ్బు కట్టి వదిలించుకుంటుంది. ఐడీవీ ఏటా పడిపోతుంది. ఏడాది దాటితే 20 శాతం తరుగు, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50, అయిదేళ్ల తర్వాత ఓనరూ కంపెనీ మాట్లాడుకున్నంత. ఐడీవీ 3 లక్షలున్న బండికి ఎస్టిమేటు రెండుంబావు దాటితే చాలు, టోటల్ లాసే. షోరూం ఎస్టిమేటులో ప్రతీదీ కొత్త పార్టే పడుతుంది కాబట్టి ఆ గీత దాటడం పెద్ద కష్టమేం కాదు. అందుకే రెండేళ్ల బండి టోటల్ లాస్ అయిందంటే దెబ్బ గట్టిదే. ఆరేళ్ల బండికి మాత్రం బంపర్, బోనెట్, రెండు హెడ్‌లైట్లు, రేడియేటర్, ఏసీ కండెన్సర్, ఎయిర్‌బ్యాగులు పోయినా సరిపోతుంది.

కాబట్టి మొదట అడగాల్సింది సర్వేయర్ (ఇన్సూరెన్స్ తరఫున దెబ్బ లెక్కగట్టే మనిషి) రిపోర్ట్. ఏ పార్టు పోయింది, ఏది మార్చాలి, ఏది టింకరింగ్‌తో సరిపోతుంది అన్నీ అందులో వరసగా ఉంటాయి. ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం తరుగు వేస్తారు, అద్దాలకు తరుగు ఉండదు, ఇనుప భాగాలకు బండి వయసును బట్టి. ఇనుప భాగాల దగ్గర చెస్సీ లెగ్ (ఇంజిన్‌ను మోసే ముందు దూలం), ఆప్రాన్ (ముందు చక్రం పైనుండే లోపలి రేకు), పిల్లర్ (టాప్‌ను మోసే స్తంభం), ఫ్లోర్ అనే మాటలున్నాయేమో చూడండి. ఉంటే దెబ్బ ఒంటికి తగిలినట్టు, బట్టకు కాదు. రిపోర్టుతోపాటు యాక్సిడెంట్ ఫొటోలు, క్లెయిమ్ సెటిల్ అయిన లెటర్, కంపెనీ నుంచి బండి కొన్నవాళ్ల కాగితం, రిపేరు బిల్లులు కూడా అడగండి. ఇవి "మా దగ్గర లేవు" అంటే లేవని కాదు, చూపించడం ఇష్టం లేదని.

ఇక ఆర్సీ. బాగుచేయడానికి వీల్లేకుండా పోయిన బండి విషయం ఓనరు 14 రోజుల్లో ఆర్టీఏకు చెప్పాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 అంటుంది. అలా చెప్పి ఆర్సీ రద్దయి ఉంటే ఆ బండి మీ పేరు మీదికి రాదు, బాడీ అద్దంలా ఉన్నా సరే. రవాణా శాఖ సైట్‌లో నంబరు కొట్టి స్టేటస్ చూడండి, లోను బాకీ ఉందేమో చూడండి. అంతటితో ఆగకుండా ఆర్టీఏ ఆఫీసులో కూడా అడగండి. ఆర్సీలో పేరున్న ఓనరుతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడటం ఇంకా మంచిది. అమ్మేవాళ్ల దగ్గర తరచూ ఆయన సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, ఫారం 30 (పేరు మార్పిడి కాగితాలు) మాత్రమే ఉంటాయి. బండి మధ్యలో ముగ్గురు నలుగురి చేతులు మారి ఉంటుంది.

ఇంకో మోసం ఉంది. టోటల్ లాస్ బండి కాగితాలు కొని, అదే మోడల్ బండిని దొంగిలించి, దానిమీద ఈ చెస్సీ నంబరు కొట్టి అమ్మడం. దాన్ని పట్టుకోవడానికి ఆర్టీఏలో చేసే పనే మీరూ చేయండి. చెస్సీ నంబరు ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో చూసి, దానిమీద పల్చని తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దండి. కంపెనీ కొట్టిన అక్షరాలు ఒకే లోతులో, ఒకే గీత మీద వస్తాయి. చేత్తో కొట్టినవి ఒకటి పైకి, ఒకటి కిందికి పడతాయి. చుట్టూ గ్రైండర్ రాపిడి, వేరే రంగు పెయింట్, పట్టీ వెల్డింగ్ కనిపిస్తే అక్కడి నుంచి కదలండి. మొత్తం 17 అక్షరాలుండాలి, మారుతిదైతే ఎంఏ3తో గానీ, గుజరాత్ ప్లాంటులో చేసిందైతే ఎంబీహెచ్‌తో గానీ మొదలవుతుంది. ఇంజిన్ నంబరు కూడా ఆర్సీతో కలవాలి.

నీళ్ల సంగతి. 2023 జూలై చివర్లో హనుమకొండ నయీంనగర్, హంటర్ రోడ్డు ఎన్టీఆర్ నగర్ ఎట్లా మునిగాయో మనకు తెలిసిందే. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచాయి. బండి ఆ ఊళ్లదేనా అని నంబర్ ప్లేటు చూసి తేల్చుకోవడం కుదరదు. ఆంధ్రలో 2019 నుంచి జిల్లాకో కోడ్ ఇవ్వడం లేదు, తెలంగాణలో మళ్లీ రిజిస్ట్రేషన్ అయితే నంబరే మారిపోతుంది. చెస్సీ నంబరు ఇచ్చి షోరూంలో సర్వీస్ రికార్డు తీయించండి. ఆ వరద తేదీలకు ముందు వరకు క్రమంగా సర్వీసై తర్వాత ఒక్కసారిగా ఏడెనిమిది నెలల ఖాళీ ఉంటే అడగాల్సిందే.

బండి దగ్గర మొదట సీటు బెల్టు పట్టుకోండి. ముందు రెండు బెల్టులూ పూర్తిగా, ఇక రానంటే రానన్నంత వరకు లాగండి. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, సెంటు కొడతారు గానీ రీలు లోపల చుట్టుకున్న చివరి మూరెడు బెల్టును ఎవరూ పట్టించుకోరు. అక్కడ మట్టి గీత ఉంటే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అదే చెబుతుంది. తర్వాత సీటు పట్టాల బోల్టులు చూడండి. తుప్పు ఉన్నా, బోల్టు తలల మీద పానా గీతలున్నా సీట్లు బయటికి తీశారన్నట్టే. కార్పెట్ మూల లేపి కింద స్పాంజిని వేళ్లతో నొక్కండి, తడి ఉందేమో, వాసన వస్తుందేమో. డిక్కీలో స్టెప్నీ గుంటలో మట్టి, హెడ్‌లైటు అద్దం లోపల గోధుమరంగు చార కూడా సాక్ష్యాలే.

అసలు జబ్బు వైరింగ్‌లో ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె దగ్గర ఒకటి రెండు కనెక్టర్లు మెకానిక్‌తో విప్పించండి. పిన్నుల మీద పచ్చటి చిలుం కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. నీళ్లు ఆరిపోతాయి గానీ అందులోని ఉప్పు, మట్టి పిన్నుల మీదే ఉంటాయి. గాలిలో తేమ తగిలి, కరెంటు పారుతున్నకొద్దీ రాగి లోలోపల తినుకుపోతుంది. అందుకే కొన్నరోజు అన్నీ పనిచేస్తాయి. నాలుగైదు నెలలకు ఒకరోజు పవర్ విండో దిగదు, ఇంకోరోజు ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మరోరోజు బండి స్టార్టవ్వదు. ఏ కనెక్టర్‌లో తప్పో వెతకడానికే కూలి అయిపోతుంది. నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొట్టారంటే ఇంజిన్ సంగతీ అంతే. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగితే బండి నడుస్తూనే ఉంటుంది. ఇంజిన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ (సిలిండరులో గాలి ఒత్తిడి) చూడమనండి. ఒక సిలిండరు మిగతావాటికంటే 10 శాతానికి మించి తక్కువ చూపిస్తే కారణం తేలేదాకా అడుగు ముందుకేయకండి.

బాడీ విషయంలో ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు. బోనెట్, ఫెండర్, డోర్, బంపర్ బోల్టులతో బిగించినవి, మార్చడం తప్పు కాదు. ఆప్రాన్, చెస్సీ లెగ్, పిల్లర్, రన్నింగ్ బోర్డు (డోర్ల కింది గట్టు), డిక్కీ ఫ్లోర్ వెల్డ్ చేసినవి, వాటిమీద చెయ్యి పడితే బండి బలం మారినట్టే. బోనెట్ ఎత్తి ఆప్రాన్ అంచు చూడండి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు గుండ్రటి చిన్న గుంటల్లా సమాన దూరంలో ఉంటాయి. గుంటలు మాయమైనా, గరుకు వెల్డింగ్ కట్ట కనిపించినా అక్కడ అతుకు పడింది. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ముందు టాప్ (పైకప్పు) మీద పెట్టండి, సాధారణంగా అది ముట్టుకోని భాగం. ఫ్యాక్టరీ పెయింట్ 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య వస్తుంది. 250 ప్రాంతం అంటే మళ్లీ పెయింట్ వేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. డోర్ మీద పుట్టీ ఉంటే రేటు తగ్గించమని అడగొచ్చు, పిల్లర్ మీదైతే వదిలేయండి.

చెస్సీ వంకర చూడటానికి తాపీమేస్త్రీ గుండుదారం చాలు. సమంగా ఉన్న నేల మీద స్టీరింగ్ నేరుగా పెట్టి, ఒక్కో చక్రం నడిమధ్య నుంచి గుండు వేలాడేసి నేల మీద సుద్ద గుర్తు పెట్టండి. ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ దూరం ఈ స్విఫ్ట్‌కు 2,450 మిల్లీమీటర్లు. రెండు వైపులా కొలవండి, మూలల నుంచి మూలలకు కూడా. 5 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మళ్లీ కొలవండి, మళ్లీ అంతే వస్తే వదిలేయండి. తర్వాత అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేయొచ్చు కాబట్టి అది బాగుందంటే ఏమీ తేలదు. ముందు చక్రాల క్యాంబర్‌కు (చక్రం నిలువుగా కాక పక్కకు ఒరిగే కొలతకు) ఈ బండిలో సర్దుబాటు లేదు, ఎడమ కుడి మధ్య అర డిగ్రీకి మించి తేడా ఉంటే స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ గొట్టం) గానీ, నకిల్ (చక్రాన్ని పట్టుకునే ముక్క) గానీ, ఆప్రాన్ గానీ వంగి ఉంటుంది. కాజీపేట దాటి మడికొండ వైపు హైవే ఖాళీగా ఉన్నచోట 80లో నడపండి, బండి ఒక పక్కకు లాగుతుందేమో స్టీరింగే చెబుతుంది.

ఎయిర్‌బ్యాగులు. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండొచ్చు. వెలిగి ఆరినా నమ్మలేం, బ్యాగు స్థానంలో చిన్న రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను మాయచేసేవాళ్లున్నారు. ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద బ్యాగు మూత గీత, పై పొర రంగు పరీక్షగా చూడండి. విప్పి చూడటం మాత్రం షోరూంలోనే, బ్యాటరీ తీసి చేయాల్సిన పని. యాక్సిడెంట్‌లో బ్యాగులు తెరుచుకున్నాయని సర్వే రిపోర్టు చెబుతూ, కొత్త బ్యాగుల బిల్లు లేదంటే లోపల ఖాళీయేనని లెక్క.

ఇన్సూరెన్స్ గురించి చాలామంది మరిచిపోతారు. క్లెయిమ్ సెటిలయ్యాక పాత పాలసీ ముగిసిపోతుంది, కాబట్టి మీకు చూపించే పాలసీ తేదీ చూడండి. గత మూడేళ్ల పాలసీలు పక్కపక్కన పెట్టి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఏ ఏడాది సున్నా అయిందో చూస్తే క్లెయిమ్ ఎప్పుడో తెలుస్తుంది. మీరు పాలసీ తీసుకునేటప్పుడు పాత టోటల్ లాస్ సంగతి దాచకండి. దాస్తే రేపు మీ క్లెయిమ్‌కు అదే అడ్డం వస్తుంది. బండి కొనకముందే కంపెనీకి మెయిల్ పెట్టి, ఓన్ డ్యామేజ్ కవర్ (మీ బండికి తగిలిన దెబ్బకు డబ్బిచ్చే బీమా) ఇస్తారా, ఐడీవీ ఎంత వేస్తారు అని రాతపూర్వకంగా అడగండి. థర్డ్ పార్టీ మాత్రమే ఇస్తామంటే ఆ మేరకు బండి విలువ కూడా తక్కువే.

రేటు. దెబ్బ బయటి రేకులకే, కాగితాలన్నీ ఉన్నాయి అంటే నా లెక్కలో మార్కెట్ కంటే 30 శాతం తక్కువ న్యాయం, ఎందుకంటే రేపు మీరు అమ్మేటప్పుడూ ఇదే కోత పడుతుంది. అయిదు లక్షల బండికి మూడున్నర అంటే సరిగ్గా అంతే. అంటే వాళ్లు చెప్పేది కాగితాలున్న బండి రేటు, కాగితాలు లేని బండికి అది పిరమే. అన్నీ కుదిరాక టోకెన్ 5 వేలు ఇచ్చి, షోరూం చెకప్‌లో నీళ్లలో మునిగిన ఆనవాళ్లు తేలినా, ట్రాన్స్‌ఫర్ కాకపోయినా టోకెన్ వాపసు అని రసీదు మీద రాయించుకోండి. మిగతా సొమ్ములో కనీసం 50 వేలు ఆర్సీ మీ పేరు మీదికి వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.