ఆబోతు వీర్య పరీక్షకు ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఊరి ఆవుల కోసం ఒంగోలు ఆబోతును కొంటున్నామని, ముందుగా వీర్యం పరీక్ష చేయిస్తామని రాశావు. చాలా సంతోషం. మూపురం, గంగడోలు చూసి లక్షలు పోసేవాళ్లే ఎక్కువ. వాటికీ చూలు నిలపడానికీ సంబంధం లేదు, నాయనా.

ముందు ఒకటి గుర్తు పెట్టుకో. ఇవాళ తీసిన వీర్యం రెండు నెలల కిందటి సంగతి చెబుతుంది. వీర్యకణం తయారవడానికి సుమారు 60 రోజులు, బయటికొచ్చే ముందు ముదరడానికి మరో పది రోజులు పడతాయి. మే నెల ఎండలో రేకుల కొట్టంలో ఉడికిన కోడె, గాలికుంటు వచ్చి జ్వరపడ్డ కోడె, జూలైలో చెడ్డ ఫలితం చూపిస్తాయి. వృషణాలు ఒంటికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి మరి. అందుకే గత రెండు నెలల్లో జ్వరం వచ్చిందా, ఎక్కడ కట్టారు అని అమ్మేవాళ్లను అడుగు. ఒక్కసారి ఫలితం బాగాలేదని కోడెను తీసేయొద్దు. 70 రోజులు ఆగి మళ్లీ తీయించు.

వీర్యం తీయకముందే చేత్తో చూడాల్సింది ఉంది. వెనక నుంచి తిత్తి మెడను మెత్తగా పట్టి వృషణాలను కిందికి దింపి, బాగా లావుగా ఉన్నచోట టైలరు టేపు చుట్టు. విదేశీ జాతులకు రెండేళ్లు దాటితే 34 సెంటీమీటర్లు కావాలంటారు. మనవి ఆలస్యంగా ఎదుగుతాయి కాబట్టి మూడేళ్ల కోడెకు 32 ఉంటే సరే. 30 లోపుంటే నేనైతే కొనను. రెండూ సమానంగా, నొక్కితే బిగువుగా, అటూ ఇటూ జారుతూ ఉండాలి. ఒకటి వాచి వేడిగా ఉంటే చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకు. బ్రూసెల్లా అనే అంటుజబ్బు కావచ్చు, అది మనిషికీ అంటుకుంటుంది.

ఎక్కువగా తప్పులు జరిగేది వీర్యం పట్టే దగ్గరే. కృత్రిమ యోని, అంటే వీర్యం పట్టడానికి వాడే గొట్టంలాంటి సాధనం, లోపలి వేడి 42 నుంచి 45 డిగ్రీలు ఉండాలి. థర్మామీటరు పెట్టి చూడమను, చేత్తో అంచనా వేయనివ్వకు. ఎక్కువైతే అంగం కాలి కోడె ఆ తర్వాత ఎక్కనే ఎక్కదు, తక్కువైతే వదలదు. జెల్లీ ముందు భాగంలోనే పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే వీర్యంలోకి జారి కణాలను చంపుతుంది. వీర్యం చేరే గాజు గొట్టంలో ఒక్క నీటి చుక్క ఉన్నా కణాల తోకలు చుట్టుకుపోతాయి; సబ్బు మిగిలినా, ఎండ తగిలినా కణాలు దెబ్బతింటాయి. పట్టిన గొట్టాన్ని వెంటనే 35 డిగ్రీల నీళ్లలో పెట్టాలి. చన్నీళ్లలో పెట్టి “కణాలు కదలడం లేదు” అంటే ఆ తప్పు కోడెది కాదు. చాలా రోజులు ఆవుల్ని దాటకుండా ఉన్న కోడె అయితే మొదటిసారి వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నిల్వ ఉండి చచ్చిన కణాలే అందులో ఎక్కువ.

రంగు పాలలాగో మీగడలాగో ఉంటే మంచిది. ఎర్రగా ఉంటే రక్తం కలిసినట్టు. పసుపు రంగు కొన్ని కోడెలకు సహజం, మూత్రం వాసన వస్తే మాత్రం పారేయాలి. 3 నుంచి 8 మిల్లీలీటర్లు రావాలి. గోరువెచ్చని గాజు పలక మీద చుక్క వేసి మైక్రోస్కోపు చిన్న లెన్సులో చూస్తే, నల్లమబ్బులు సుడులు తిరిగినట్టు కదలాలి. ఆ దృశ్యం నువ్వూ ఒకసారి తొంగి చూడు, ఏ కాగితం చెప్పినా అంత బాగా అర్థం కాదు. పల్చన చేసి చూసినప్పుడు వందకు 70 కణాలు ముందుకు ఈదాలి. రంగు పూసి చూస్తే చచ్చినవి గులాబీ రంగు పట్టుకుంటాయి, బతికినవి తెల్లగా నిలుస్తాయి. తల, తోక వంకరైనవి వందకు 20 దాటకూడదు. వంకర తలలు ఎక్కువైతే వృషణంలోనే లోపం. చుట్టుకున్న తోకలే ఎక్కువైతే ముందు గొట్టాన్ని అనుమానించు.

అన్నీ బాగున్నా కోడె కాళ్లు, గిట్టలు చూడు. వెనక కాలు నొప్పి ఉంటే అది ఎక్కలేదు, వీర్యం ఎంత మంచిదైనా లాభం లేదు.

బ్రూసెల్లా, క్షయ పరీక్షలు చేయించి కాగితం చేతికొచ్చేదాకా ఒక్క ఆవు దగ్గరికి కూడా వదలొద్దు. వదిలాక దాటిన ప్రతి ఆవు తేదీ నోటుబుక్కులో రాసుకో. 21 రోజులకు ఏది మళ్లీ ఎదకొచ్చిందో గుర్తించు. ఎద సరిగ్గా ఉన్న ఆరోగ్యమైన పది ఆవుల్లో సగానికి పైగా మొదటి దాటుకే నిలవకపోతే, కోడెను ఆపి నాకు ఫోన్ చెయ్యి. నోటుబుక్కు దగ్గర పెట్టుకుని చెయ్యి, తేదీలు చదవాలి.

మీ పెదనాన్న,
కందుకూరు