5కి 3 వస్తే పాస్ కాదు

సెలవులకి కూకట్‌పల్లిలో అక్కావాళ్లింటికి వచ్చాను. మేనల్లుడికి డెన్వర్‌లో ఎమ్మెస్, జనవరిలో ప్రయాణం. పచ్చళ్లు, కుక్కరు సర్దడం అయ్యాక అడిగాడు: "మామయ్యా, సీనియర్లు వీకెండ్‌కి కొండల్లో స్నోషూయింగ్ అంటున్నారు, అంటే కాళ్లకి వెడల్పాటి పలకలు కట్టుకుని మంచులో నడవడమట, ఏ జాకెట్ కొనమంటావ్?" వాడు చూసిన మంచల్లా లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డ్‌లోదే. జాకెట్ సంగతి తర్వాత, ముందు ప్లేటు తీసుకురారా అన్నాను.

ప్లేట్లో పంచదార పరిచి, పైన ఉస్మానియా బిస్కెట్ పెట్టి ఒక పక్క మెల్లగా ఎత్తాను. కదల్లేదు. ఇంకాస్త ఎత్తి వేలితో టక్కున కొట్టేసరికి పంచదారతో సహా జారి టేబుల్ మీద పడింది. "అయ్యో, చీమలు పడతాయిరా" అంది అక్క.

డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రపు కొండల్లో జరిగేదీ దాదాపు ఇదే. సీజన్ మొదట్లో పడిన పల్చటి మంచు, కింద నేల వెచ్చగా పైన గాలి చల్లగా ఉండేసరికి, ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారుతుంది. షుగర్ స్నో అంటారు. దానిమీద తుఫాన్లు, గాలి కలిసి గట్టి పలక పేరుస్తాయి. కింది పొర వారాల తరబడి అలా బలహీనంగానే ఉండిపోగలదు. మనిషి బరువు పడితే చాలు, పలక తెగి వాలు మీదుగా జారిపడుతుంది. దీన్నే అవలాంచ్ అంటారు. పదింట తొమ్మిది ప్రమాదాల్లో అవలాంచ్‌ని కదిలించేది అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల జట్టువాళ్లో.

ఇలాంటివి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో జారతాయి. అపార్ట్‌మెంట్ మెట్ల రెయిలింగ్ మీద ఫోన్ పెట్టి చూపించాను, 32 వచ్చింది. రోజూ ఎక్కే మెట్లంతే! పైగా కింద చదునులో నడుస్తున్నా, పైనున్న వాలు మన అడుగులకే తెగి మీద పడొచ్చు.

కొలరాడోలో నా రెండో చలికాలం, బెర్తుడ్ పాస్ అనే కనుమ దగ్గరికి నలుగురం వెళ్లాం. మంచి ఎండ. కాలి కింద బియ్యం బస్తా పడేసినట్టు ధబ్‌మంది, మంచు అరంగుళం కుంగి, ముందుకి సన్నటి బీట పాకింది. నేను నవ్వాను కూడా. జట్టులో మంచు సంగతులు తెలిసినావిడ మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా అందర్నీ వెనక్కి తిప్పింది. అది కింది పొర కూలిన చప్పుడట. చుట్టూ వాలు లేదు కాబట్టి సరిపోయింది.

కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలమంతా రోజూ 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయి చెబుతుంది. 3 అంటే 'కన్సిడరబుల్', చెప్పుకోదగ్గ ప్రమాదమని. మనకి 5కి 3 అంటే ఫస్ట్ క్లాస్‌లా వినిపిస్తుంది కానీ, ఎక్కువమంది పోయేది ఆ రోజుల్లోనే. 4, 5 ఉంటే జనం ఇంట్లోనే ఉంటారు మరి.

కూరుకుపోయినవాళ్లని పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీయాలి, రెస్క్యూ టీమ్ అంతలో రాదు. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడటమూ వచ్చి ఉండాలి. ఆగిపోయిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులతో తవ్వలేం.

అసలు చిక్కు మన మొహమాటం. కారు సీనియర్‌ది, మనం వెనక సీట్లో. "ఈ రోజు వద్దన్నా" అనడానికి నోరు రాదు. అందుకే బయల్దేరకముందే, అందరి దగ్గరా బీకన్ ఉందా అని వాట్సాప్‌లోనే అడిగేయండి. మా వాడు అడిగాడు. "బీకన్ అంటే?" అని జవాబొచ్చింది. మొదటి ఏడాది స్కీ రిసార్ట్ హద్దుల్లోనే ఆడుకోమన్నాను, అక్కడ వాలుల్ని రిసార్ట్ గస్తీ వాళ్లు ముందే చూసుకుంటారు.

జాకెట్ అక్కడే కొనుక్కోమన్నాను. లోపల కాటన్ బనియన్లు మాత్రం వద్దు, చెమటకి తడిసి ఆరవు.