చర్చి ఆవరణలో పటింగ్ గ్రీన్ వేస్తానంటున్న తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

మందిరం వెనక ఖాళీ జాగాలో పిల్లల కోసం పటింగ్ గ్రీన్, అంటే గోల్ఫ్ బంతిని నేల మీద దొర్లించి గుంటలో వేసే పచ్చిక, వేద్దామనుకుంటున్నారని, ఆ పని నీ నెత్తిన పెట్టారని ఫోన్లో చెప్పావు కదా. 2022లో గోల్ఫ్ నేర్పేవాళ్ల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా హెడ్డాఫీసు డాలస్ దగ్గర మీ ఫ్రిస్కోకి వచ్చినప్పటి నుంచి మన తెలుగు పిల్లలు కూడా గోల్ఫ్ గోల్ఫ్ అంటున్నారు, మంచిదే. ఆరాధన అవగానే కారెక్కి ఫోన్ చూసుకునే పిల్లలు ఇంకో అరగంట మన మధ్య ఉంటారు. ఇక్కడ ఇర్వింగ్‌లో మేం రెండుసార్లు వేశాం. మొదటిది పాడైతేనే రెండోది వేశాం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మొదటిసారి ఈస్టర్‌కి ప్రారంభించాలని తొందరపడ్డాం. పైన గడ్డి చెక్కేసి, కాస్త ఇసుక పోసి, దాని మీద టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, పరిచేశాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, అందరూ ఫోటోలు దిగారు. ఆగస్టు వచ్చేసరికి అడుగున నేల పగిలింది, తర్వాత వానలకి అదే నేల ఉబ్బింది, బంతి ఎక్కడ కొట్టినా పోయి ఒకే మూల చేరేది. మన గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి ఎండాకాలం ఎలా నోరు తెరుస్తుందో డాలస్ చుట్టుపక్కల నేలా అంతే. దాన్ని నమ్మి పైపైన పని చెయ్యకూడదు. కానుకల డబ్బు అట్లా పోయిందే అని నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

కాబట్టి డబ్బూ ఓపికా అడుగున పెట్టు. కనీసం నాలుగైదు అంగుళాలు తవ్వి, మట్టిని సమం చేసి, జియో టెక్స్‌టైల్ గుడ్డ పరుచు. అది లేకపోతే కంకర మెల్లగా రేగడిలోకి దిగిపోతుంది. దాని మీద మూడు నాలుగు అంగుళాల కంకర, అన్నిటికంటే పైన ఒక అంగుళం సన్నటి రాతిపొడి, ఇక్కడ డీకంపోజ్డ్ గ్రానైట్ అని అమ్ముతారే అదైనా సరే. కంకరంతా ఒక్కసారే పోసి తొక్కించొద్దు. రెండేసి అంగుళాలు పొయ్యి, నీళ్లు చల్లి తడి చెయ్యి, ప్లేట్ కాంపాక్టర్ అనే మిషను తెచ్చి దిమ్మిస కొట్టించు, మళ్లీ పొయ్యి. మడమతో గట్టిగా నొక్కినా గుర్తు పడకూడదు. పదిహేను అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు అనుకుంటే నాలుగంగుళాల కంకరే దగ్గర దగ్గర పది టన్నులవుతుంది, మన కుర్రాళ్లు తోపుడు బండ్లతో మోసేద్దామంటే మధ్యాహ్నానికి సగం మంది మాయమవుతారు. చిన్న లోడర్ అద్దెకి తెచ్చుకోండి.

పదిహేను అడుగులే ఎందుకన్నానంటే టర్ఫ్ రోల్ సాధారణంగా ఆ వెడల్పులోనే వస్తుంది. ఆ కొలతకి గీస్తే అతుకే ఉండదు. మరీ పెద్దది కావాలని అతుకు పెట్టావంటే రెండు ముక్కల పోగులూ ఒకే వైపు వాలేలా చూసుకో, లేదంటే అతుకు దాటగానే బంతి దారి మారుతుంది.

నీళ్లు పోవడానికి వాటం నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు. బంతి పడే గుంటలో పెట్టే కప్పు చుట్టూ మాత్రం మూడడుగుల మేర దాదాపు చదునుగా ఉంచు, వాలులో కప్పు పెడితే చిన్న పిల్లలు బంతి ఆగక ఏడుస్తారు. కప్పు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అసలు గోల్ఫ్‌లో ఉన్నదే. కప్పు కింద కాస్త గులకరాయి వేస్తే నీళ్లు నిలవవు. అంచు టర్ఫ్ కంటే కొంచెం కిందకే ఉండాలి, పైకి వస్తే బంతి తగిలి పక్కకి పోతుంది. రసమట్టం ఒకటి కొని దగ్గరే పెట్టుకో, కంటిని నమ్మొద్దు. చివర సిలికా ఇసుక పొడిగా ఉన్న రోజు చల్లి బ్రష్‌తో లోపలికి దిగేదాకా రుద్దాలి. బంతి వేగం చాలావరకు ఆ ఇసుక మీదే ఆధారపడుతుంది.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యి, భూమిలో ఉన్న గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తు పెడతారు, ఉచితమే, రెండు మూడు పనిదినాల ముందే చెయ్యాలి. కానీ వాళ్లు కంపెనీల లైన్లే గుర్తు పెడతారు. స్ప్రింక్లర్ గొట్టాలు, పార్కింగ్ లైట్ల వైర్లు మన సొంతం కాబట్టి ఎవరూ గుర్తు పెట్టరు, కట్టినప్పటి ప్లాను మీ ట్రస్టీల దగ్గర ఉంటుంది, అడుగు.

జాగా ఎంచుకునేటప్పుడు కిటికీలు చూడు. వేడి లోపలికి రాకుండా పూత పూసిన కొత్త రకం లో-ఈ అద్దాల మీద పడిన ఎండ తిరిగి టర్ఫ్ మీద పడితే ప్లాస్టిక్ కరుగుతుంది. మా హాలు కిటికీ ఎదురుగా టర్ఫ్ ఒక చార మేర ముడుచుకుపోయింది, తర్వాత కిటికీకి మెష్ పెట్టించాం. ఎండలో టర్ఫ్ మామూలు గడ్డి కంటే చాలా వేడెక్కుతుంది, జులైలో చంటి పిల్లల్ని చెప్పుల్లేకుండా వదలొద్దని తల్లులకు ముందే చెప్పండి. సాయంత్రం నీడ పడే చోటైతే ఇంకా మంచిది.

ఇంకో సంగతి, అసలు ఇదే ముందు చెప్పాల్సింది. ప్రేమ విందుకి షామియానా ఎక్కడ వేస్తారో, వీబీఎస్‌కి, అంటే సెలవుల బైబిల్ బడికి, పిల్లలు ఎక్కడ ఆడతారో ఆ జాగా ముట్టుకోవద్దు. షామియానా మేకు ఒక్కటి దిగినా టర్ఫ్ పోయినట్టే, బిర్యానీ నూనె పడితే కడగడం ఎంత కష్టమో మా అక్కల్ని అడుగు. పెద్దవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడు. మా సంఘంలో ఒక పెద్దాయన మందిరం దగ్గర ఆటలేంటని చాలా బాధపడ్డారు, ఆయన్ని కాదని మొదలుపెట్టడం తప్పేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు మనవడితో వచ్చి కప్పు పక్కన నిలబడేది ఆయనే. వీల్‌చెయిర్ వచ్చేలా దారి ఒకటి గట్టిగా వేయించండి. బంతిని గాల్లోకి లేపి కొట్టడం మాత్రం మొదటి రోజు నుంచే వద్దనండి, పక్కనే కార్లూ అద్దాలూ.

కంకర లారీ ఏ శనివారం వస్తుందో చెప్పు. నేనూ మా అబ్బాయీ పొద్దున్నే వస్తాం, దిమ్మిస దగ్గర నేనుంటాను.

మీ అన్న