నెలకు 100 కిలోల సకినాలు ఈఎంఐకే చేస్తారా?

ప్రశ్న: మాది కరీంనగర్. నా వయసు 38. మావారు ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్, జీతం 32,000. అద్దె, ఇద్దరు పిల్లల చదువు కలిపి ఇంటి ఖర్చు నెలకు 26,000. లక్ష రూపాయల చిట్టికి నెలకు 5,000 కడుతున్నాం, ఇంకా 11 నెలలుంది. బ్యాంకులో 22,000 ఉన్నాయి. మొన్న సంక్రాంతికి మా తోడికోడలూ నేనూ 9 రోజులు కూర్చుని 40 కిలోల సకినాలు చేసి, కిలో 320కి అమ్మాం. సరుకులకు కిలోకు 180 అయింది. గ్యాసు, కవర్లకు మొత్తం 1,400 దాకా పట్టింది. షాపు పెట్టాలని ఉంది కానీ ధైర్యం చాలట్లేదు. ఎవరూ కొనకపోతే ఎట్లా, అమ్ముకునే గతి పట్టిందా అని చుట్టాలంటే ఎట్లా అని భయం. అప్పు నెత్తి మీదుంటే భయం పక్కనబెట్టి పని చేస్తానని, మావారి పేరు మీద 3 లక్షల పర్సనల్ లోన్ (16 శాతం వడ్డీ, 3 ఏళ్లు) అనుకుంటున్నాం. షాపు అడ్వాన్సుకు చిట్టి ముందే పాడుకుని, నా 4 తులాల బంగారం కుదువ పెడదామని ఆలోచన. సరైనదేనా?

జవాబు: కాదమ్మా. వద్దు. కర్రీ పాయింట్ పెడదామనుకునేవాళ్లు, పచ్చళ్లు అమ్ముదామనుకునేవాళ్లు, బొటిక్ తెరుద్దామనుకునేవాళ్లు ఎంతోమంది నా దగ్గర ఇదే మాట అన్నారు: అప్పు చేస్తే అదే పని చేయిస్తుందని. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను. కొంటారో లేదోనన్న భయం మీకు ఇప్పటికే ఉంది. దాని మీద ప్రతి నెలా ఈఎంఐ తారీఖు భయాన్ని కూడా తెచ్చిపెట్టుకుంటారా?

మీ అంకెలతోనే చూద్దాం. 40 కిలోల మీద సరుకులు పోగా 5,600 మిగిలింది. గ్యాసు, కవర్లు తీసేస్తే 4,200. ఇద్దరు మనుషులు, 9 రోజులు. మనిషికి రోజుకు 233 రూపాయలు! పొద్దంతా నేల మీద కూర్చుని, నడుములు పడిపోయేలా ఒక్కో సకినం చుట్టినందుకు వచ్చిన కూలి అది. ఎక్కువ చెబితే కొనరన్న భయమే 320 అనిపించింది. ధర కట్టేటప్పుడు మీ ఇద్దరి కూలి అందులో వేయాల్సిందే, తోడికోడలు ఇంటి మనిషే అయినా సరే.

ఇక లోన్. 3 లక్షలకు 16 శాతం చొప్పున 3 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 10,550. మీకు కిలో మీద నికరంగా మిగిలింది 105. అంటే బ్యాంకుకు కట్టడానికే నెలకు 100 కిలోలు అమ్మాలి. పండగ సీజన్లో 40 కిలోలు చేసినవాళ్లు ఆషాఢంలో 100 కిలోలు ఎవరికి అమ్ముతారు? షాపు అద్దె, బంగారం మీద వడ్డీ ఇంకా కలపనే లేదు. జీతంలో చిట్టి పోగా మిగిలేది వెయ్యి రూపాయలు. ఈ లెక్క చూశాక కూడా లోన్ సంతకం పెడితే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీ భయానికి అసలు మూలం ఆ 22,000 అని నా నమ్మకం. నెల ఖర్చుకు కూడా చాలని డబ్బు చేతిలో పెట్టుకుని ఎవరు వ్యాపారం మొదలుపెట్టినా చేతులు వణుకుతాయి. అది పిరికితనం కాదు. మీకు 6 నెలల ఖర్చు, అంటే 1,56,000 పక్కన ఉండాలి. చిట్టి ముందే పాడి పాట తగ్గింపు కింద డబ్బు పోగొట్టుకోకండి. చివరి దాకా ఆగి ఎత్తుకుంటే వచ్చేదంతా ఈ నిధికే పోవాలి. సకినాల లాభంలో సగం కూడా ఇందులోకే. మిగతాది చిట్టి అయిపోయాక ఆ 5,000 అలాగే నెలనెలా వేస్తే నిండుతుంది. నాకు తెలిసిన ఒక జంట ఈ నిధి లేకుండానే బంగారం కుదువ పెట్టి కర్రీ పాయింట్ తెరిచారు. నాలుగో నెలలో భర్తకు ఆపరేషన్ అయింది. షాపు మూతపడింది, బంగారం వేలానికి పోయింది. వాళ్ల కూరలకు ఏ వంకా లేదు. ఆ నెలలు గడవడానికి చేతిలో డబ్బు లేదు, అంతే.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కంపెనీ పాలసీ ఉన్నా అది ఉద్యోగం ఉన్నంత వరకే. కాగే నూనె ముందు గంటల తరబడి పని చేసేది మీరు. నలుగురికీ కలిపి సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు.

అమ్మకం మాత్రం ఆపొద్దు. షాపు లేకుండా ఇంటి నుంచే చేయండి. తినే సరుకు అమ్మడానికి కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఫీజు చిన్న తయారీదారులకు ఏడాదికి 100 రూపాయలే, చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆర్డరుతో పాటు సగం డబ్బు ముందే తీసుకోండి, సరుకులకు మీ చేతి డబ్బు పెట్టక్కర్లేదు. మొన్న కొన్నవాళ్లకే ఫోన్ చేసి దసరాకు ఎన్ని కిలోలు కావాలో అడగండి, కొత్త ధర చెప్పే అడగండి. హాస్టళ్లలో, అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ముందు చూడండి. బయానా ఇచ్చేవాళ్లు పెరుగుతుంటే కొంటారా అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే. చుట్టాల మాటకు నా దగ్గర మందు లేదు కానీ, వచ్చే సంక్రాంతికి వాళ్లే ఆర్డరిస్తే తగ్గించి మాత్రం ఇవ్వకండి.

వరుసగా రెండు సీజన్లు ఆర్డర్లు పట్టలేక వెనక్కి పంపే పరిస్థితి వస్తే, అప్పుడు చిన్న వ్యాపారాల కోసం ఉన్న ప్రభుత్వ ముద్ర పథకంలో 50,000 లోపు శిశు రుణం బ్యాంకులో అడగొచ్చు, దానికి తాకట్టు అక్కర్లేదు. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. పర్సనల్ లోన్ దరఖాస్తు ఇప్పటికే ఇచ్చి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే ఈ వారంలో వెళ్లి రద్దు చేయించండి.