తెల్ల ఏనుగు ఊరికే వచ్చినా మేత ఊరికే రాదు

అమ్మడూ,

పాత బస్సు ఒకటి ఎవరో ఊరికే ఇస్తున్నారని, దాన్ని పిల్లల లైబ్రరీ చేసి వీధివీధికీ తిప్పుతావని మీ నాన్న చెప్పగానే ఎంత పొంగిపోయానో! రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. కాగితాలు చూసుకో, మెకానిక్‌కి చూపించు, ఇవి నీకు తెలిసినవే.

అది తెల్ల ఏనుగు కాకుండా చూసుకో అని నేనంటే, "ఫ్రీగా వస్తోంది కదా అత్తా, తెల్ల ఏనుగు ఎలా అవుతుంది?" అని మెసేజ్ పెట్టావే, నా టెన్షనంతా అక్కడే. ఆ మాటకి ఖరీదైన వస్తువని కాదే అర్థం. సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, తెల్ల ఏనుగంటే పవిత్రం, 1916 దాకా వాళ్ల జెండా మీద కూడా ఉండేది. రాజుకి ఎవరి మీదైనా కోపమొస్తే దాన్ని బహుమతిగా ఇచ్చేవాడని కథ. పనికి పెట్టకూడదు, అమ్మకూడదు, రాజిచ్చింది కాబట్టి వద్దనకూడదు. ఏనుగు రోజుకి 150 కిలోల దాకా తింటుంది. వచ్చింది ఊరికేగానీ, ముంచేది మేత.

నాకూ ఒకటి అలాగే వచ్చింది. నేను పనిచేసిన ప్రెస్సు ఓనరు మూసేస్తూ, "నువ్వైతే బాగా చూసుకుంటావమ్మా" అని కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిల్ మెషీను నాకిచ్చేశాడు. ఏడ్చేశాను సంతోషంతో. తర్వాత గది అద్దె, అక్షరాలు పేర్చే కంపోజిటర్ జీతం, అరిగిపోయిన టైపుల, అంటే అచ్చు అక్షరాల, బదులు కొత్తవి, అప్పటికే పనులన్నీ కొత్త అచ్చు పద్ధతైన ఆఫ్‌సెట్‌కి వెళ్లిపోతున్నాయి. మీ మావయ్య "ఇది తెల్ల ఏనుగు" అంటే నాలుగు రోజులు మాట్లాడలేదు నేను. ప్రేమగా ఇచ్చినదాన్ని ఎలా వదిలేస్తాను? మూడేళ్లు మేపాను, గాజులు అమ్మి మరీ. చివరికి పాత ఇనుము కింద పోయింది, ఆ ఓనరుకి ఎదురుపడలేక ఆ వీధికే వెళ్లడం మానేశాను. ఆయనా అద్దె కట్టలేకే వదిలించుకున్నాడని చాలా ఆలస్యంగా తెలిసింది.

అందుకే తీసుకోకముందే అడుగు, నావల్ల కాకపోతే అమ్ముకోవచ్చా అని. మొహమాటపడ్డావంటే ఊరుకోను. డీజిలు, డ్రైవరు, టైర్లు, ఇన్సూరెన్సు, రాత్రిపూట నిలిపే చోటు, నెలకెంతవుతుందో రాయి.

లైబ్రరీ డబ్బు తేదు కాబట్టి తెల్ల ఏనుగే అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు బంగారం. పిల్లలు ఎక్కి చదువుతుంటే అది పని చేస్తున్నట్టే. ఎవరూ ఎక్కకపోయినా, ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని నువ్వు మేపుతూ కూర్చుంటే, అప్పుడు అనాలి ఆ మాట.

లెక్క నాకు పంపు, ఎంత తక్కువ పడుతుందో దాచకుండా రాయి. నా టైపు కేసులు, అదే అక్షరాలు పెట్టుకునే అరల పెట్టెలు, రెండు ఇంకా అటక మీదే ఉన్నాయి, బస్సులో చిన్న పుస్తకాలు పెట్టుకోవడానికి పనికొస్తాయేమో వచ్చి చూసుకో.

మీ అత్త